సాబ్ కారు: ఒక కంపెనీ ఎదుగుదల, పతనం



'సాబ్' అనగానే మనకు గుర్తొచ్చేది ఆఫీసరు. తహసీల్దార్ సాబ్, డాక్టర్ సాబ్ అంటుంటాం. కానీ ఈ వ్యాసంలో చెప్పబోయే సాబ్ మనిషి కాదు. స్వీడన్ దేశంలో పుట్టి, అరవై ఏళ్ళకు పైగా బతికి, 2011లో దివాలా తీసిన ఒక కార్ల కంపెనీ.

ఎం.కాం. మొదటి సంవత్సరంలో మాకు సెమినార్ పెట్టారు. మూతపడిన ఒక కంపెనీని తీసుకుని అది ఎందుకు మూతపడిందో చెప్పాలి. చీటీలు వేస్తే మాకు సాబ్ వచ్చింది. అప్పటికి మేము కారు ఎక్కింది రెండుసార్లే, రెండూ పెళ్ళిళ్ళకే. గేరు ఎక్కడుంటుందో కూడా సరిగా తెలియదు. క్లాసులో కొందరు నవ్వారు. ఇరవై రోజులు లైబ్రరీలో కూర్చుని చదివాం. చదివేకొద్దీ అది కార్ల కథలా అనిపించలేదు, మా ఇంటి కథలా అనిపించింది. ఎందుకో చివర్లో చెబుతాం.

విమానాలు చేసేవాళ్ళు కారు చేశారు

సాబ్ 1937లో విమానాల కంపెనీగా మొదలైంది. స్వీడిష్ భాషలో 'స్వీడన్ విమానాల కంపెనీ' అనే పేరులోని మొదటి అక్షరాలే సాబ్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యుద్ధ విమానాల అవసరం తగ్గుతుందని కంపెనీకి అర్థమైంది. ఫ్యాక్టరీ ఉంది, పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పని ఎక్కడి నుంచి తేవాలి? అప్పుడు చిన్న కారు చేద్దామనుకున్నారు.

1945లో గున్నార్ యుంగ్‌స్ట్రోమ్ అనే ఇంజనీరు నాయకత్వంలో ఒక చిన్న బృందం పని మొదలుపెట్టింది. వాళ్ళలో చాలామందికి డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదని చెబుతారు. కారు ఆకారం గీసింది సిక్స్‌టెన్ సాసోన్ అనే చిత్రకారుడు. విమానం రెక్కను అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో ఆ కారు పక్క నుంచి అలాగే ఉంటుంది. గాలిని సులువుగా చీల్చుకుపోవాలన్నదే వాళ్ళ ఆలోచన. పేరు కూడా విమానాల వరసలోనే పెట్టారు. సాబ్ 90, సాబ్ 91 విమానాలు, సాబ్ 92 కారు!

1947లో దీన్ని పత్రికల వాళ్ళకు చూపించారు. 1949 డిసెంబరులో తయారీ మొదలైంది. 764 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, 25 హార్స్ పవర్. శక్తి ముందు చక్రాలకు అందేది. మంచు రోడ్ల మీద ఇది చాలా ఉపయోగం. మొదట్లో అన్ని కార్లకూ ఒకే ముదురు ఆకుపచ్చ రంగు. డిక్కీకి మూత కూడా లేదు, సామాను వెనక సీటు వైపు నుంచే పెట్టాలి.

పెట్రోల్లో ఆయిల్ కలిపే కారు

మన ఊళ్ళలో పాత స్కూటర్లకు, లూనాలకు పెట్రోలు పోయించేటప్పుడు టూటీ ఆయిల్ కలిపేవాళ్ళు. మొదటి సాబ్ కార్లు కూడా అంతే. టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోలుతో పాటే ఆయిల్ అందుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏటవాలు రోడ్డు దిగేటప్పుడు డ్రైవర్ యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తాడు. పెట్రోలు తగ్గుతుంది, దాంతో ఆయిల్ కూడా తగ్గుతుంది. కానీ చక్రాలు ఇంజన్‌ను గిరగిరా తిప్పుతూనే ఉంటాయి. ఆయిల్ లేకుండా తిరిగితే ఇంజన్ పట్టేస్తుంది.

దీనికి సాబ్ వాళ్ళు చేసిన ఉపాయం మన సైకిల్‌లోనే ఉంది. అదే ఫ్రీవీల్! పెడల్ తొక్కడం ఆపినా సైకిల్ చక్రం తిరుగుతున్నట్టే, యాక్సిలరేటర్ వదలగానే చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోయేలా చేశారు.

ఈ చిన్న కార్లతోనే ఎరిక్ కార్ల్‌సన్ అనే స్వీడన్ డ్రైవర్ బ్రిటన్‌లోని ఆర్ఏసీ ర్యాలీని 1960, 1961, 1962లో వరుసగా మూడుసార్లు గెలిచాడు. 1962, 1963లో మాంటెకార్లో ర్యాలీ కూడా గెలిచాడు. పందెాల్లో కారును బోర్లా వేయడం ఆయనకు అలవాటు. అందుకే స్వీడన్ పిల్లల కథల్లోని ఒక పాత్ర పేరు మీద ఆయనను 'కప్పు మీది కార్ల్‌సన్' అని పిలిచేవాళ్ళు. ఈ గెలుపులతో సాబ్ పేరు ప్రపంచానికి తెలిసింది.

వింతల వెనుక కారణాలు

సాబ్‌ను అందరూ వింత కారు అనేవాళ్ళు. కానీ ఆ వింతల్లో చాలావాటి వెనుక ఒక కారణం ఉంది.

1967లో చూపించిన సాబ్ 99 మోడల్‌లో తాళం చెవి స్టీరింగ్ దగ్గర ఉండదు. రెండు ముందు సీట్ల మధ్య, గేరు రాడ్ దగ్గర ఉంటుంది. ప్రమాదం జరిగితే స్టీరింగ్ కింద ఉన్న తాళం చెవి డ్రైవర్ మోకాలికి గుచ్చుకుంటుంది కదా! పైగా తాళం వేస్తే గేరు కూడా లాక్ అవుతుంది, దొంగకు పని కష్టం.

స్వీడన్‌లో మంచు, బురద హెడ్‌లైట్లను కప్పేస్తాయి. అందుకని 1970లో హెడ్‌లైట్లకు కూడా వైపర్లు పెట్టారు. చలికి సీటు గడ్డకట్టినట్టుంటుందని 1971లో వేడెక్కే సీటు తెచ్చారు. 99లో, దాని తర్వాత 1978లో వచ్చిన 900లో ఇంజన్‌ను వెనక్కి తిప్పి బిగించారు. క్లచ్ ముందుకు వచ్చింది కాబట్టి ఇంజన్ దించకుండానే మెకానిక్ క్లచ్ మార్చగలడు.

టర్బో అంటే ఏమిటి?

లారీల మీద 'టర్బో' అని రాసి ఉండటం మనమంతా చూశాం. ఇంజన్‌లో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఎక్కువ గాలి పంపితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, ఎక్కువ శక్తి వస్తుంది. బయటకు వృథాగా పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంకో చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టడమే టర్బో.

సాబ్ కంటే ముందే కొన్ని కంపెనీలు కార్లలో టర్బో వాడాయి. అయితే అవి ఎక్కువగా స్పోర్ట్స్ కార్లు. సాబ్ దగ్గర కొత్త పెద్ద ఇంజన్ తయారు చేసేంత డబ్బు లేదు. ఉన్న 2 లీటర్ల ఇంజన్‌తోనే ఎక్కువ పని చేయించాలి. ఒత్తిడి మితిమీరితే పొగను పక్కకు వదిలేసే ఒక వాల్వు పెట్టి, రోజూ ఆఫీసుకు పోయే కారుకు టర్బో సరిపోయేలా చేశారు. 1977లో చూపించిన సాబ్ 99 టర్బో 145 హార్స్ పవర్ ఇచ్చింది. నేడు మన రోడ్ల మీద కూడా 1 లీటరు టర్బో పెట్రోలు కార్లు తిరుగుతున్నాయి. చిన్న ఇంజన్‌తో పెద్ద పని అన్న ఆ దారిలో సాబ్ ముందు నడిచినవాళ్ళలో ఒకటి. లేమి నుంచి పుట్టిన తెలివి అది!

900 మోడల్ కార్లు సుమారు 9 లక్షలు తయారయ్యాయి. అమెరికాలో ప్రొఫెసర్లు, ఆర్కిటెక్టులు, డాక్టర్లు ఇష్టపడి కొన్నారు. సాబ్‌కు అది మంచికాలం.

జనరల్ మోటార్స్ చేతిలోకి

1980ల చివరికి అమెరికాలో అమ్మకాలు తగ్గాయి. నష్టాలు వచ్చాయి. కొత్త మోడల్ తయారీకి అయ్యే ఖర్చు పెద్ద కంపెనీకైనా చిన్న కంపెనీకైనా దాదాపు ఒకటే. పెద్ద కంపెనీ ఆ ఖర్చును పది లక్షల కార్ల మీద పంచుకుంటుంది, చిన్న కంపెనీ లక్ష కార్ల మీద పంచుకోవాలి. మాలాంటి కామర్స్ విద్యార్థులు దీన్నే స్థిర వ్యయం అంటారు.

1989 డిసెంబరులో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 60 కోట్ల డాలర్లకు కార్ల విభాగంలో సగం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. మిగతా సగం 2000 సంవత్సరంలో 12.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. జనరల్ మోటార్స్ వచ్చాక కొత్త సాబ్ కార్లు దానికే చెందిన ఓపెల్ కార్ల పునాది మీద తయారయ్యాయి. ఖర్చు తగ్గాలన్నది యజమాని కోరిక. కారు సాబ్‌లా ఉండాలన్నది ట్రోల్‌హాటన్ ఇంజనీర్ల పట్టుదల. వాళ్ళు మార్పులు చేస్తూ పోయారు, ఖర్చు పెరిగింది. మరోవైపు 1997లో వచ్చిన 9-5 మోడల్‌కు పన్నెండేళ్ళ దాకా పూర్తి కొత్త రూపమే రాలేదు.

2004లో జపాన్ సుబారు కారునే కొద్దిగా మార్చి సాబ్ 9-2ఎక్స్ అన్నారు. ఆ తర్వాత ఒక షెవర్లే కారుకు సాబ్ పేరు తగిలించి 9-7ఎక్స్ అన్నారు. తాళం మాత్రం సీట్ల మధ్యే పెట్టారు! కొనేవాడు అమాయకుడు కాదు కదా. తాళం చోటు చూసి సాబ్ అనుకుంటాడా?

2006లో సాబ్ అమ్మింది సుమారు 1,33,000 కార్లు. అది మంచి సంవత్సరం. అదే ఏడాది బీఎండబ్ల్యూ గ్రూపు 13 లక్షలకు పైగా అమ్మింది.

చివరి రోజులు

2008 ఆర్థిక సంక్షోభంలో జనరల్ మోటార్సే కూలిపోయే స్థితికి వచ్చింది. 2009లో అది అమెరికాలో దివాలా రక్షణ కోరింది, సాబ్‌ను అమ్మకానికి పెట్టింది. 2010 మొదట్లో నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ కొన్నది. అది ఏడాదికి పదుల సంఖ్యలో కార్లు చేసే చిన్న కంపెనీ! కొత్త 9-5 వచ్చింది కానీ 2010 మొత్తంలో అమ్మింది సుమారు 32 వేల కార్లే. 2011 ఏప్రిల్‌లో విడిభాగాలు పంపేవాళ్ళు బాకీల కోసం సరఫరా ఆపేశారు. ఫ్యాక్టరీ ఆగింది. చైనా కంపెనీలు డబ్బు పెడతామన్నాయి. కానీ ఆ కార్లలోని సాంకేతికత జనరల్ మోటార్స్‌ది, అది చైనా యజమానులకు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 2011 డిసెంబరు 19న సాబ్ కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టింది.

తర్వాత నెవ్స్ అనే సంస్థ ఫ్యాక్టరీని కొని, 2013 డిసెంబరులో మళ్ళీ కార్లు మొదలుపెట్టి, 2014లో ఆపేసింది. సాబ్ పేరు వాడే హక్కు కూడా పోయింది. పేపర్లలో గ్రిపెన్ యుద్ధ విమానం గురించి వచ్చినప్పుడు కనిపించే సాబ్ మాత్రం పాత విమానాల కంపెనీయే. అది నేటికీ నడుస్తోంది.

కారణం ఎవరు?

సెమినార్‌లో మేము "జనరల్ మోటార్స్ వల్లే సాబ్ చచ్చిపోయింది" అని గట్టిగా చెప్పాం. మా సార్ ఒకే ప్రశ్న అడిగారు: "మరి ఆ కంపెనీకి అమ్ముకోవలసిన అవసరం ఎందుకొచ్చింది?" మేము తడబడ్డాం. ఆ రాత్రి మళ్ళీ చదివితే అర్థమైంది. సాబ్‌కు తెలివి ఉంది, దాన్ని నిలబెట్టేంత అమ్మకం లేదు. యజమాని దగ్గర డబ్బు ఉంది, సాబ్‌ను జనం ఎందుకు కొంటున్నారన్న అవగాహన లేదు. ఒంటరిగా బతకలేకపోవడం ఒక కారణం, కలిసినచోట తన ముఖం పోగొట్టుకోవడం రెండో కారణం. ఒక్కటే చెబితే సగం జవాబే.

మా ఇంటి కథ

ట్రోల్‌హాటన్ సుమారు 55 వేల జనాభా ఉన్న ఊరు. దివాలాతో మూడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అదే 2011లో మేము ఐదో తరగతిలో ఉన్నాం. మా నాన్న పనిచేసే నూలు మిల్లు కూడా ఆ సంవత్సరమే మూతపడింది. ఒక పొద్దున గేటుకు తాళం వేసి ఉంది, అంతే. మూడు నెలల జీతం రావాలి, ఇప్పటికీ రాలేదు. నూలు తెగితే కన్నుమూసి తెరిచేలోగా అతికే మనిషి ఆ తర్వాత రాత్రి కాపలాకు వెళ్ళాడు. మరుసటి సంవత్సరం మమ్మల్ని ఈ హాస్టల్‌లో చేర్పించాడు. కంపెనీ పతనం అని పుస్తకంలో రాసి ఉన్నప్పుడు మాకు ట్రంకు పెట్టె, స్టీలు పళ్ళెం, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిన నాన్న గుర్తొచ్చారు.

ఒక తేడా మాత్రం మాకు బాగా గుర్తుండిపోయింది. స్వీడన్‌లో కంపెనీ దివాలా తీస్తే కార్మికుల జీతం బాకీని ఒక పరిమితి వరకు ప్రభుత్వమే హామీగా చెల్లిస్తుంది. ఉద్యోగం పోయింది, చేసిన పనికి కూలి పోలేదు. మన దేశంలో 2016లో దివాలా కోడ్ వచ్చింది. దాని ప్రకారం కంపెనీ ఆస్తులు అమ్మినప్పుడు, ఆ ప్రక్రియ ఖర్చులు పోగా, కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు పెట్టుకున్న అప్పులవాళ్ళతో సమాన స్థానం ఉంది. ఈ సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు? తమ్ముళ్ళారా, ఇది ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పండి. మొదటిసారి చదువుకున్నవాళ్ళం మనమే అయినప్పుడు చెప్పవలసిందీ మనమే.

మనం నేర్చుకోవలసింది

మొదటిది: లేమి సిగ్గుపడవలసింది కాదు. డబ్బు లేకే సాబ్ టర్బో దారి పట్టింది.

రెండోది: పెద్ద కాలేజీలకు వెళ్ళినప్పుడు మన మాట, మన తీరు చూసి నవ్వేవాళ్ళు ఉంటారు. నేర్చుకోవలసినవి తప్పక నేర్చుకుందాం. కానీ వేరేవాళ్ళ బండికి మన పేరు తగిలించుకుని తిరగవద్దు.

మూడోది: ఒంటరితనం కూడా బలం కాదు. ఈ పూర్వ విద్యార్థుల సంఘం అందుకే. ఫీజుకో, పుస్తకానికో ఇబ్బంది ఉంటే అడగండి, మేము ఉన్నాం.

దివాలా తర్వాత ట్రోల్‌హాటన్‌లోని సాబ్ మ్యూజియం కార్లను కూడా అమ్మకానికి పెట్టారు. 2012లో ఆ ఊరి మునిసిపాలిటీ, విమానాల సాబ్ కంపెనీ, ఒక ఫౌండేషన్ కలిసి వాటిని కొని అక్కడే ఉంచాయి. తమ చేతులు ఏం చేశాయో ఆ ఊరి పిల్లలు నేటికీ వెళ్ళి చూడవచ్చు. మా నాన్న మిల్లుకు మ్యూజియం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాశాం.

ఆలోచించండి (స్టడీ అవర్‌లో చర్చకు)

1. టూ స్ట్రోక్ కారుకు ఫ్రీవీల్ ఎందుకు కావలసి వచ్చింది?
2. స్థిర వ్యయం చిన్న కంపెనీని ఎలా దెబ్బతీస్తుంది? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.
3. 1989లో సాబ్ యజమానులు మీరే అయితే ఏం చేసేవాళ్ళు?

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి, ఎం.కాం. రెండో సంవత్సరం