అడవి చెప్పే మాటలు

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా జవళగిరి అనే ఊరు ఉంది. హోసూరు, తళి, డెంకణికోట ప్రాంతాల పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. ఊళ్లు దాటితే కొండలు, వాగులు, వెదురు పొదలు. ఏనుగులు, చిరుతపులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది.

ఈ అడవుల గురించి కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) పుస్తకాలు రాశాడు. ఆయన సికింద్రాబాదు దగ్గరి బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడ్డాడు. 1954లో వెలువడిన ఆయన పుస్తకంలో జవళగిరి పులి కథ ఉంది. మనుషులను తినే పులులను వేటాడిన ఆయన, చేత ఆయుధం లేకుండా ఒంటరిగా అడవిలో తిరిగిన రోజులూ ఉన్నాయి. ఆయుధం లేని మనిషికి మృగాల మధ్య రక్ష ఏమిటి? అడవి చెప్పే మాట వినగలగడమే.

తెల్లవారుజామున అడవి బాట ఖాళీగా ఉండదు. రాత్రంతా తిరిగిన జంతువులు నీళ్లు తాగి, దట్టమైన చోటుకు మళ్లే వేళ అది. అడవి నెరిగినవాడు బాటలో అడుగు పెట్టేముందు చిటికెడు దుమ్ము గాలిలోకి వదులుతాడు. గాలి ఎటు వీస్తున్నదో దానివల్ల తెలుస్తుంది. ఏనుగుకు చూపు తక్కువ, వాసన పట్టే శక్తి ఎక్కువ. మనిషి కనబడకపోయినా, గాలి అతని రాకను దానికి చెబుతుంది.

తరువాత చూడవలసింది నేల. బాటకు అడ్డంగా సాలెగూళ్లు చెదరకుండా ఉంటే ఆ రాత్రి పెద్ద జంతువేదీ అటు రాలేదన్నమాట. గడ్డిమీది మంచు ఒక బారున చెదిరి ఉంటే, ఏదో ఇప్పుడే దాటిపోయిందన్నమాట. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి. కనుక వాటి జాడల్లో గోళ్ల గుర్తులు పడవు. రేచుకుక్కల జాడల్లో పడతాయి. ఏనుగు ముంగాలి జాడ చుట్టుకొలతను రెట్టింపు చేస్తే దాని భుజం ఎత్తు సుమారుగా తెలుస్తుంది. పేడనుంచి ఆవిరి లేస్తూ ఉంటే ఏనుగు ఎంతో దూరంలో లేదు.

కంటికి కనబడనిది చెవికి అందుతుంది. చెట్టు కొమ్మనుంచి చిరుతను చూసిన కొండముచ్చు దగ్గినట్టు గట్టిగా అరుస్తుంది. చుక్కల దుప్పి కీచుమని కూస్తుంది. కణితి ఊరకే బెదరదు. అది తోక ఎత్తి, కాలు నేలకు తాటించి, బొంగురుగా అరిచిందంటే నమ్మవలసిందే. వెదురు విరుగుతున్న చప్పుడు వినబడుతున్నంతసేపు ఏనుగులు మేతలో ఉన్నట్టు. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే, అవి మనిషిని పసిగట్టినట్టు. ఎలుగుబంటి మాత్రం చెదపుట్ట తవ్వుతూ పరిసరాలు మరిచిపోతుంది. హఠాత్తుగా మనిషి దగ్గరకు వస్తే బెదిరి మీదపడుతుంది. అందుకే మలుపుల దగ్గర దగ్గడమో, కర్రతో రాతిని తట్టడమో మంచిది.

ఈ విద్య వేటగాళ్ల కోసం మాత్రమే కాదు. రాగి చేలు కోతకు వచ్చే రోజుల్లో బన్నేరుఘట్ట వైపునుంచి ఏనుగుల గుంపులు ఇటు వస్తాయి. ఇక్కడి అడవులనుంచే కొన్ని ఏనుగులు 1980ల్లో చిత్తూరు జిల్లాకు చేరాయి. అక్కడ 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇక్కడ 2014లో కావేరి ఉత్తర అభయారణ్యాన్ని ప్రకటించారు. కాని ఏనుగుకు సరిహద్దు రాళ్లు తెలియవు. వేకువజామున అది చేలనుంచి అడవికి మళ్లుతుంది. మంచెమీద కావలి కాసిన రైతు అదే బాటన ఇంటికి వస్తాడు. పుల్లలకు వెళ్లే తల్లులు, బడికి వెళ్లే పిల్లలు నడిచేదీ ఆ బాటే. ఎవరికీ ఎవరిమీదా పగ లేదు. అయినా ఎదురుపడితే ప్రాణాపాయమే.

అందుచేత పొద్దు పొడవకముందు అడవి బాటన ఒంటరిగా వెళ్లకూడదు. నలుగురూ కలిసి, మాట్లాడుకుంటూ నడవాలి. తాజా జాడ కనబడితే వెనక్కు వచ్చి, ఊరికీ అటవీ సిబ్బందికీ చెప్పాలి. అలా వెనుదిరగడం పిరికితనం కాదు. మృగం వెళ్లేదాకా ఆగి, దానికి దారి విడిచిపెట్టగలిగినవాడే అడవి నెరిగినవాడు.

పదాలు - అర్థాలు

జాడ = కాలిగుర్తు
పసిగట్టు = వాసనతో గుర్తించు, కనిపెట్టు
మంచె = పంట కాపలాకు కట్టిన ఎత్తైన పందిరి

ప్రశ్నలు

1. గాలి ఎటు వీస్తున్నదో ముందుగా ఎందుకు తెలుసుకోవాలి?
2. వెదురు చప్పుడు హఠాత్తుగా ఆగిపోతే ఏమని గ్రహించాలి?
3. ‘వెనుదిరగడం పిరికితనం కాదు’ - ఈ మాటను సమర్థిస్తూ ఐదు వాక్యాలు రాయండి.
4. మీ ఊరి పెద్దలను అడిగి, జంతువుల జాడలను గురించి వారికి తెలిసిన సంగతులు సేకరించండి.