‘సెట్’ అను చిన్న పదమును గూర్చి

చిరంజీవియగు మనుమని ఆశీర్వదించి తాత వ్రాయునది.

నీవు పంపిన యనువాదమును రెండుమారులు చదివితిని. పెద్ద పదములయెడ నీవెచ్చటను తొట్రుపడలేదు. అట్టివానికి తరచుగ నొకటి రెండర్థములే యుండును గనుక నిఘంటువు విప్పినంతనే లొంగిపోవును. నీవు జారినది ‘సెట్’ అను పసిపదము కడ. వైద్యుడు విరిగిన యెముకను ‘సెట్’ చేసెనని మూలమున నుండగా, ‘ఎముకను ఉంచెను’ అని వ్రాసితివి. పుత్తూరు కట్టును గూర్చి విననివాడవా నాయనా? విరిగిన యెముకను మనవారు కట్టుదురు.

ఇందులకు కుందవలదు. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు రెండవ కూర్పున ఈ యొక్క పదమునకే దాదాపు 430 అర్థచ్ఛాయలు చూపబడినవి. తరువాతి సంపాదకులు ‘రన్’ అను పదమును శోధించి 645 తేల్చిరి. వీనిని వల్లించుట వృథాశ్రమ, మూలమును పట్టుకొనుము. మన ‘కూర్చుండు’నకు ‘కూర్చుండబెట్టు’ ఎట్లో, ‘సిట్’ అను క్రియకు ‘సెట్’ అట్లు ప్రేరణరూపము. కుదురుగ నిలుపుట యను నీ భావమును విడువక నడచితివేని, పెరుగు తోడుకొనుటయు, సిమెంటు గట్టిపడుటయు, ఉంగరమున రవ్వను పొదుగుటయు, పెండ్లికి దినము నిశ్చయించుటయు, అచ్చుకూటమున నక్షరములు కూర్చుటయు, దినమెల్ల సంచరించిన సూర్యుడు తన నెలవున కూర్చుండినట్లు క్రుంకుటయు ఒక్క తీగ పూవులేయని నీకు తోచును. గణితమునందలి ‘సమితి’కిని, టీకప్పుల ‘సెట్టు’నకును పేరైన నామము మాత్రము వేరు వంశమునది, అది లాటినునుండి ఫ్రెంచి మీదుగ వచ్చి, రూపసామ్యమువలన దీనితో కలసిపోయినది.

మన ‘పెట్టు’ను తలచుకొనుము. తల్లి యన్నము పెట్టును, కోడి గ్రుడ్డు పెట్టును, పురోహితుడు ముహూర్తము పెట్టును, దొంగ పరుగు పెట్టును, బిడ్డ కేక పెట్టును, గిట్టనివాడు వంక పెట్టును. మనకిది పాలతో వచ్చినది గావున ఇందలి వైవిధ్యము కంటబడదు. నా బీరువాలోని బ్రౌను నిఘంటువున ఈ పదమున్న పుటను, సెలవులకు వచ్చినపుడు నీచేత చదివింపవలెనని నా కోరిక.

అనువదించునపుడు క్రియను చూచుటకు ముందు దాని ప్రక్కనున్న కర్తను, కర్మను చూడుము. అర్థము అక్కడనే దొరకును. మూడవ పేరాలో వానలు ‘సెట్ ఇన్’ అయిన చోట ‘వర్షములు లోపల అమరినవి’ అంటివి. మన రైతు ‘ముసురు పట్టినది’ అనును. ఆ పేరా మరల వ్రాసి పంపుము, ఎదురుచూచుచుందును.

ఇట్లు,
మీ తాతయ్య