గేరుకు తగిన ఆయిల్

ఇంజన్ ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు అని మీరు వినే ఉంటారు. గేర్ ఆయిళ్లలోనూ చాలా రకాలున్నాయి. ఒక గేరుకు పోయవలసింది మరొక గేరుకు పోస్తే, కాపాడవలసిన ఆయిలే ఆ గేరును తినేస్తుంది. ఇదెలా జరుగుతుందో చూద్దాం.

రెండు పళ్లచక్రాలు కలిసేచోట పన్నూ పన్నూ తగిలేది సన్నని గీతంత మేరే. ట్రాక్టరు నాగలిని లాగే బలమంతా ఆ గీత మీదుగానే పోవాలి. లోహమూ లోహమూ ఒరుసుకోకుండా మధ్యన నూనె పొర నిలవాలి. ఆ పొర మందం తరచు మిల్లీమీటరులో వెయ్యోవంతైనా ఉండదు.

పొర నిలవాలంటే నూనెకు తగిన స్నిగ్ధత, అంటే చిక్కదనం ఉండాలి. ఒక గాజుపలకను ఏటవాలుగా పెట్టి, పై అంచున ఒక చుక్క వేరుశనగ నూనె, పక్కనే ఒక చుక్క ఆముదం వేయండి. ఆముదం వెనకబడుతుంది. దాన్నే గోరువెచ్చగా చేసి వేస్తే త్వరగా జారుతుంది. కనుక ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారో చెప్పకుండా స్నిగ్ధత చెప్పడంలో అర్థం లేదు. కర్మాగారాల గేర్ ఆయిల్ డబ్బా మీద "వి.జి. 220" అని ఉంటే, 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దాని స్నిగ్ధత సుమారు 220 సెంటిస్టోకులన్నమాట. మామూలు నీటికి ఇది సుమారు 1. వాహనాల ఆయిళ్లకు లెక్క వేరు. "90" నంబరు గేర్ ఆయిల్, "40" నంబరు ఇంజన్ ఆయిల్ కంటే రెట్టింపు చిక్కన అని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఇంచుమించు ఒకే చిక్కన! కొలబద్దలు వేరు, అంతే.

ఎంత చిక్కనైతే అంత మంచిదనీ అనుకోకండి. వేగంగా తిరిగే గేర్లకు చిక్కని నూనెను చిలకడానికే శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి వేడిగా మారుతుంది. నెమ్మదిగా తిరుగుతూ పెద్ద బరువు మోసే గేర్లకే అది తగినది.

స్నిగ్ధత ఒక్కటే చాలని గేర్లూ ఉన్నాయి. 1920 దశకంలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకు హైపాయిడ్ గేర్లు వచ్చాయి. వీటిలో చిన్న చక్రమైన పినియన్, పెద్ద చక్రమైన క్రౌన్ కేంద్రానికి కిందుగా అమరుతుంది. దానితో వెనక చక్రాలకు బలాన్ని అందించే షాఫ్టు దిగువకు వచ్చింది, కారు ఎత్తు తగ్గించడానికి వీలయింది. కాని పళ్లు దొర్లడంతో ఆగక, పొడవునా జారడం కూడా మొదలుపెట్టాయి. ఆ రాపిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. ఉక్కు ఉక్కుకు అతుక్కుని, పెచ్చులు లేస్తుంది.

దీనికి విరుగుడుగా నూనెలో గంధకం, భాస్వరం ఉన్న సమ్మేళనాలు కలిపారు. పొర తెగినచోట వేడి పుట్టగానే అవి ఉక్కుతో చర్య జరిపి పలచని పూత ఏర్పరుస్తాయి. ఆ తరువాత అరిగేది పూతే, ఉక్కు కాదు. గేర్ ఆయిల్ ఘాటు వాసన ఈ గంధకం వల్లనే.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఉక్కును కాచే గంధకం రాగికి శత్రువు. చాలా లిఫ్టుల్లో మరలాంటి ఉక్కు కడ్డీ ఒక కంచు చక్రాన్ని తిప్పుతుంది. కంచులో ఎక్కువ పాలు రాగే. చురుకైన గంధకమున్న ఆయిల్ పోస్తే, వేడెక్కినకొద్దీ కంచు నల్లబడి, గుంటలు పడి, పళ్లు అరిగిపోతాయి. ఇటువంటి గేర్లకు వి.జి. 460 వంటి చిక్కని ఆయిల్‌లో కొంచెం కొవ్వు కలిపి వాడడం పాత పద్ధతి. కొవ్వు అణువు ఒక కొసతో లోహాన్ని పట్టుకుని ఉంటుంది. మన తాతలు బండి ఇరుసుకు ఆముదంతో కందెన వేసినప్పుడు జరిగిందీ ఇదే. వారికి అణువుల సంగతి తెలియకపోతేనేం, బండి నడిచింది!

వాహనాల గేర్‌బాక్సుల్లో కూడా గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపే ఇత్తడి రింగులుంటాయి. అందుకే చాలా గేర్‌బాక్సులకు జి.ఎల్.-4 రకం, హైపాయిడ్ గేర్లకు ఈ సమ్మేళనాలు ఎక్కువగా ఉన్న జి.ఎల్.-5 రకం చెబుతారు. 5 పెద్ద అంకె కదా, మేలైనదే అయి ఉంటుందని గేర్‌బాక్సులో పోస్తే రింగులు దెబ్బతినవచ్చు. రెంటికీ పనికివచ్చే ఆయిళ్లు కొన్ని ఇప్పుడున్నాయి. ఏది పోయాలో బండితోబాటు ఇచ్చే పుస్తకం చూసి తేల్చుకోవాలి, దుకాణంలో మాట విని కాదు.

ఎప్పుడైనా మెకానిక్ షాపులో పాత గేర్ ఆయిల్ దించుతుంటే అడిగి చూడండి. చాలా బళ్లలో డ్రైన్ ప్లగ్గుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తని ఉక్కు రజను పట్టి ఉంటుంది. కొద్దిగా ఉంటే భయం లేదు. ఇత్తడి రజను మాత్రం అయస్కాంతానికి అంటదు. ఆయిల్‌ను పళ్లెంలో పోసి ఎండలో పెడితే పచ్చగా తళుకుమంటుంది.