డ్యూటీ సైకిలుకు రేడియం టేపు: రోలాలో చీకటి పూట తొక్కేవారికి

ఎండాకాలం రాగానే గల్ఫ్‌లో పని వేళలు చీకటి వైపు జరుగుతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్నది యూఏఈ ప్రభుత్వ నిబంధన. మంచి నిబంధనే. అయితే ఆ రెండున్నర గంటల పని ఎక్కడికీ పోదు, తెల్లవారుజాముకో పొద్దుగుంకిన తర్వాతకో మారుతుంది. చలికాలానికి వస్తే డిసెంబర్‌లో సాయంత్రం అయిదున్నరకే చీకటి మొదలు. రంజాన్ నెలలో దుకాణాలు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి. ఏ నెల చూసినా షార్జాలోని రోలాలో సైకిల్ మీద పని చేసుకునేవాళ్లు చీకట్లో తొక్కక తప్పదు.

బకాలా (కిరాణా కొట్టు) నుంచి నీళ్ల సీసాలు, ఖుబూస్ రొట్టెలు, పాల డబ్బాలు మేడ మీది ఫ్లాట్లకు చేర్చే కుర్రాడు. లాండ్రీ బట్టలు హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లే మనిషి. తెల్లారకముందే అల్ ఘువైర్ పార్కింగుల్లో కార్లు కడగడానికి బకెట్‌తో బయల్దేరేవాళ్లు. ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీ ముగించుకుని రూముకు తిరిగొచ్చే వెల్డర్లు, హెల్పర్లు. వీళ్లలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవారున్నారు, కోనసీమ నుంచి, కడప నుంచి వచ్చినవారున్నారు. ఈ సలహా వాళ్ల కోసమే.

మెరిసే చొక్కా వేసుకోండి, లైటు పెట్టుకోండి అని అందరూ చెబుతారు. చెప్పేది నిజమే. కానీ చొక్కా కంపెనీది. డ్యూటీ అవగానే విప్పి అక్కడే తగిలించి వస్తారు. ఆ తర్వాత రూముకు తొక్కే దారిలో ఒంటి మీద ఉండేది నల్ల టీషర్టు. లైటు సంగతి చూస్తే, బిల్డింగ్ కింద సైకిల్ ఆపి పైకి వెళ్లి వచ్చేలోపు ఎవరో ఊడదీసుకుని పోయి ఉంటారు, లేదా చార్జింగ్ అయిపోయి ఉంటుంది. ఇంకో మాట పైకి ఎవరూ అనరు గానీ మనసులో ఉంటుంది: సైకిలుకు తళతళలాడే పట్టీలు చుడితే నలుగురూ నవ్వుతారేమో, కొత్త సైకిల్ అనుకుని దొంగ చూపు పడుతుందేమో అని. ఈ భయాలను నేను కొట్టిపారేయను. అందుకే పగలు ఎవరి కంటా పడకుండా, రాత్రి కారు లైటు పడగానే వెలిగే టేపు గురించి చెబుతున్నాను. దాన్ని ఎవరూ ఊడదీసుకుపోరు, చార్జింగ్ అక్కర్లేదు, మీరు మరిచిపోయినా అది సైకిల్ మీదే ఉంటుంది.

మన ఊళ్లలో లారీల వెనక, ఎడ్లబండ్ల వెనక అంటించే రేడియం స్టిక్కర్ ఈ జాతిదే. షార్జా దుకాణాల్లో రిఫ్లెక్టర్ టేప్ అని అడగండి. దాని పైపొరలో కంటికి ఆనని గాజు పూసలో, చిన్న చిన్న పట్టకాలో పరిచి ఉంటాయి. మామూలు మెరిసే రేకు మీద పడిన వెలుగు ఎటో పక్కకు పోతుంది. ఈ టేపు మీద పడిన వెలుగు మాత్రం వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. కారు లైట్లకు కాస్త పైనే డ్రైవర్ కళ్లుంటాయి కాబట్టి, టార్చి వేస్తే గేదె కళ్లు మెరిసినట్టు అతనికి మాత్రం మెరిసిపోతుంది. పక్కన ఫుట్‌పాత్ మీద నడిచే మనిషికి అది మామూలు పట్టీలాగే కనిపిస్తుంది. మనకు కావలసింది కూడా అదే.

కొనేటప్పుడు చేయవలసిన పరీక్ష ఇది. ఫోన్ టార్చి వెలిగించి కంటి పక్కనే, చెవి దగ్గర పట్టుకుని, పది అడుగుల దూరం నుంచి టేపును చూడండి. అసలుదైతే భగ్గుమంటుంది. ఫోన్‌ను చేయి చాచి దూరంగా పట్టుకుంటే ఆ మెరుపు తగ్గిపోతుంది, అప్పుడు టేపు మంచిది కాదనుకోకండి. ఉత్త వెండి రంగు టేపు ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతుంది. చీకటి గదిలో ఆకుపచ్చగా వెలిగే స్టిక్కర్లు ఇంకో రకం. అవి రోడ్డు మీద మీకు ఏ పనికీ రావు.

నల్ల సైకిలుకు నల్ల టేపు, వెండి రంగు రిమ్ముకు వెండి టేపు, ఎర్ర ఫ్రేముకు ఎర్ర టేపు ఎంచుకుంటే పగలు కలిసిపోతాయి. నల్లది కూడా లైటు పడితే తెల్లగా మెరుస్తుంది. కానీ రంగును బట్టి బలం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఒకే నాణ్యత ఉన్న మామూలు రకాల్లో ఎరుపు తిప్పి పంపే వెలుగు తెలుపు పంపేదానిలో సుమారు అయిదో వంతే. నలుపు కూడా తెలుపు కంటే బాగా తక్కువ. కాబట్టి నల్ల టేపు వాడేవారు వేలెడంత ముక్కతో సరిపెట్టుకోకూడదు, జానెడు జానెడు వేయాలి. ముందు వైపు తెలుపు లేదా నలుపు, వెనక ఎరుపు, పక్కలకు పసుపు లేదా తెలుపు. ముందు వైపు ఎరుపు మాత్రం వద్దు. ఎదురుగా వచ్చే డ్రైవర్‌కు మీరు తనవైపు వస్తున్నారో, తన ముందు పోతున్నారో అర్థం కాదు.

ఇక ఎక్కడ అంటించాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలామంది ఫ్రేముకు చుట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు రాత్రి పూట డ్రైవర్లతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. నల్లబట్టల్లో ఉన్న సైకిలిస్టును గుర్తించింది నూటికి 2 సార్లు. పసుపు రంగు ఫ్లోరోసెంట్ చొక్కాకు 15. రిఫ్లెక్టర్ చొక్కాకు 50. అదే చొక్కాకు తోడు మోకాళ్లకు, చీలమండలకు రిఫ్లెక్టర్ పట్టీలు కడితే 90. తేడా తెచ్చింది కాళ్ల కదలిక. పైకీ కిందికీ ఆడే మెరుపును చూడగానే అక్కడ మనిషి తొక్కుతున్నాడని డ్రైవర్ మెదడు పట్టేస్తుంది. కదలని మెరుపు చెత్తడబ్బాదో, బోర్డుదో కావచ్చు. ఆ 15 అంకెను కూడా గమనించండి. పగటి ఎండలో కళ్లు చెదిరే ఫ్లోరోసెంట్ రంగు రాత్రి కారు లైట్లలో దాదాపు చచ్చిపోతుంది, మెరిసే పట్టీ లేని చొక్కాను నమ్ముకోకండి.

అందువల్ల మొదటి ముక్క పెడల్‌కు వేయండి, ముందు అంచుకూ వెనక అంచుకూ. రెండోది పెడల్ క్రాంకుకు, బయటి వైపు. ఈ రెండు చోట్ల ఎంత చిన్న ముక్క అయినా పెద్ద పని చేస్తుంది, పగలు ఎవరూ గమనించరు. రోలా సందుల్లో టైలర్ షాపులు ఎన్నో ఉన్నాయి. బట్టకు కుట్టే రకం రిఫ్లెక్టర్ రిబ్బను తీసుకెళ్లి, ప్యాంటు అడుగు మడత లోపలి వైపు కుట్టించుకోండి. పగలు మడత దించితే కనిపించదు, సైకిల్ ఎక్కేటప్పుడు పైకి మడిస్తే బయటికొస్తుంది. ప్యాంటు చైన్‌లో పడకుండా ఎలాగూ మడుస్తారు కదా.

తర్వాత వెనక మడ్‌గార్డ్. మన పాత నల్ల సైకిళ్లకు వెనక మడ్‌గార్డ్ చివర జానెడు తెల్లరంగు ఉండేది గుర్తుందా? వెనక నుంచి వచ్చే బండికి కనబడే చోటు అదే. అక్కడ ఎర్ర టేపు, బెత్తెడు పొడవున వేయండి. సీటు కింద గొట్టానికి, క్యారియర్ వెనక కడ్డీకి కూడా వేయండి. క్యారియర్ మీద డెలివరీ డబ్బానో ప్లాస్టిక్ ట్రేనో కట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త: అది మడ్‌గార్డ్‌ను, సీటు గొట్టాన్ని కప్పేస్తుంది. డబ్బా వెనక, రెండు మూలల్లో నిలువుగా చెరో పట్టీ వేస్తే దాని వెడల్పు ఎంతో కూడా డ్రైవర్‌కు తెలుస్తుంది. నీళ్ల సీసాల కట్ట హ్యాండిల్‌కు వేలాడేసుకుని పోతే ముందు ఫోర్క్‌కు అంటించిన టేపు కనబడదన్నది కూడా మరచిపోవద్దు.

పక్కల నుంచి కనబడటానికి చక్రాలే మేలు. చువ్వలకు తొడిగే రిఫ్లెక్టర్ గొట్టాలు దొరుకుతాయి, సన్నటి స్ట్రాల్లా ఉంటాయి. వెండి రంగువి తీసుకుంటే పగలు చువ్వల్లో కలిసిపోతాయి. రిమ్ముకు టేపు వేయాలనుకుంటే ముందు బ్రేకు రబ్బరు ఎక్కడ తాకుతుందో చూడండి. తీగ బ్రేకుల సైకిలుకు రబ్బరు రిమ్ము పక్క గోడలను పట్టుకుంటుంది. పాతకాలపు రాడ్ బ్రేకుల సైకిలుకు రిమ్ము లోపలి ముఖాన్ని, చువ్వల వైపున, నొక్కుతుంది. బ్రేకు తాకే చోట టేపు అంటిస్తే బ్రేకు జారుతుంది. కనబడాలని చేసిన పని ప్రాణం మీదికి తెస్తుంది. అనుమానం ఉంటే రిమ్మును వదిలేసి చువ్వలతో ఆగండి.

షార్జాలో టేపు ఊడిపోవడానికి కారణం చాలావరకు టేపు కాదు. దుమ్ము, ఉప్పుగాలి, ఎండకు కాగిన ఇనుము. మధ్యాహ్నం బయట నిలబెట్టిన సైకిలుకు అంటించకండి. ఏసీ రూములో రాత్రంతా ఉంచి, పొద్దున్నే చేయండి. సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఫార్మసీలో సూది వేసే ముందు తుడవడానికి అమ్మే స్పిరిట్ పట్టీతో తుడవండి. చైన్ నూనె అంటిన చోట రెండుసార్లు తుడవాలి. టేపు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉన్న మూల మొదట లేస్తుంది. సాగదీయకుండా అంటించి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. సన్నని గొట్టాలకు మెత్తగా వంగే గాజు పూసల రకం సరిపోతుంది. తేనెపట్టు గళ్లలా కనిపించే మందపాటి రకం ఎక్కువ మెరుస్తుంది గానీ గుండ్రటి చోట నిలవదు. దాన్ని మడ్‌గార్డ్‌కు, డబ్బాకు వాడుకోండి.

అంటించాక రాత్రి చీకటిగా ఉన్న చోట సైకిల్ నిలబెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి ఫ్లాష్‌తో ఫోటో తీయండి. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి, సామాను కట్టి ఒకసారి, కట్టకుండా ఒకసారి. ఎక్కడ చీకటి మిగిలిందో ఫోటోలో తేలిపోతుంది.

ఇంత చెప్పాక దీని పరిమితి కూడా చెప్పాలి. కారు లైటు పడితేనే టేపు వెలుగుతుంది. పక్కసందు నుంచి తిరిగే బండి లైట్లు చివరి క్షణం దాకా మీ మీద పడవు. పార్కింగ్ నుంచి వెనక్కి వచ్చే కారు ముందు లైట్లు అటు వైపుంటాయి. లైట్లు వేయడం మరచిన డ్రైవర్‌కు మీ టేపు లేనట్టే. చలికాలం తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు మెరుపు దూరం పోదు, టేపు మీద మంచు తడి పేరుకుంటే ఇంకా తగ్గుతుంది, బయల్దేరేముందు గుడ్డతో తుడవాలి. కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాల్సిందే. క్లిప్పుతో ఊడివచ్చే రకం కొనుక్కుని, సైకిల్ ఆపినప్పుడల్లా జేబులో వేసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. మిమ్మల్ని చూసి, బ్రేకు తొక్కి, ఆగేసరికి 45 మీటర్ల దాకా పడుతుంది. అంత దూరం నుంచే కనబడాలి.

పక్కనే ఉన్న దుబాయ్‌లో 2022లో తెచ్చిన సైకిళ్ల నిబంధనల ప్రకారం ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, రిఫ్లెక్టర్ చొక్కా తప్పనిసరి. 60 కిలోమీటర్లకు మించిన వేగ పరిమితి ఉన్న రోడ్ల మీద తొక్కితే 300 దిర్హమ్‌ల జరిమానా. షార్జాలో కూడా నియమం తప్పిన సైకిళ్లను పోలీసులు జప్తు చేసిన సందర్భాలున్నాయి. టేపు వేసుకున్నామని అల్ వహ్దా రోడ్డు లాంటి పెద్ద రోడ్డు మీదికి వెళ్లకండి. దారి చుట్టైనా లోపలి వీధులే పట్టుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన దేశంలో ఎడమ పక్క, ఇక్కడ కుడి పక్క. అలవాటు కొద్దీ ఎడమ పక్కన తొక్కితే మీరు బండ్లకు ఎదురెళ్తున్నట్టు. వెనక శ్రద్ధగా వేసుకున్న ఎర్ర టేపు, ఎర్ర లైటు ఎవరికీ కనబడవు. ఎదురుగా సైకిల్ వస్తుందని డ్రైవర్ ఊహించడు. మొదటి కొన్ని వారాలు సీనియర్ ఒకరి వెనక తొక్కండి. ఏదైనా జరిగితే పోలీసుకు 999, అంబులెన్స్‌కు 998.

సైకిల్ దుకాణానిదైతే టేపు అంటించేముందు సేఠ్‌కు ఒక మాట చెప్పండి. రంగుకు రంగు కలిసే టేపు అయితే చాలామంది కాదనరు, కొందరు డబ్బులు కూడా ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి, మీరు తొక్కేది ఆయన పని మీదే. అయిదు మీటర్ల చుట్ట ఒకటి కొంటే రూములో నాలుగైదు సైకిళ్లకు వస్తుంది. తలా కాస్త డబ్బు వేసుకుని సెలవు రోజు పొద్దున అందరూ కలిసి అంటించుకోండి, ఒకరు సైకిల్ పట్టుకుంటే ఒకరు నొక్కవచ్చు. మిగిలిన చుట్టను ఎండ తగలని చోట, మంచం కింద పెట్టెలో దాచండి. వారానికోసారి సైకిల్ తుడిచేటప్పుడు టేపును కూడా తడిగుడ్డతో తుడవాలి, పైన దుమ్ము పొర ఉంటే వెలుగు లోపలికీ పోదు, వెనక్కీ రాదు. ఎండ దెబ్బకు పగుళ్లు వచ్చిన ముక్కలను వేసవి ముగిసే సెప్టెంబర్‌లో పీకేసి కొత్తవి వేయండి, పెడల్ ముక్కలు ముందు అరుగుతాయి కాబట్టి వాటిని అంతకంటే ముందే చూసుకోవాలి.