పడకమీది ధ్యానము

పాఠ్యభాగములు: కీర్తన 63:6, కీర్తన 4:4, మీకా 2:1

“పండుకొని వాక్యము తలచుకొనుచుండగనే నిద్ర పట్టిపోవుచున్నది. ఇది పాపము కాదా?” అని మన సంఘములలో అనేకులు అడుగుదురు. ధర్మవరములో పగలంతయు మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని నేసినవాడును, పెనుకొండ చుట్టుపట్ల వేరుశనగ చేలలో కలుపు తీసిన తల్లియు, హిందూపురము సంతనుండి ప్రొద్దుపోయి ఇల్లు చేరినవాడును అడుగు ప్రశ్న ఇది. గెత్సేమనే తోటలో నిద్రించిన శిష్యులు జ్ఞాపకమునకు వచ్చి కొందరు భయపడుదురు. అయితే అక్కడ ప్రభువు మెలకువగా నుండుడని వారికి ఆజ్ఞ యిచ్చెను. పడక వేసికొన్నవానికి అట్టి ఆజ్ఞ లేదు. తన ప్రియులకు నిద్ర నిచ్చువాడు దేవుడే అని 127వ కీర్తన చెప్పుచున్నది గదా.

63వ కీర్తన దావీదు యూదా అరణ్యములో నున్నప్పటిది. నీళ్లులేక ఎండిన దేశ మెట్లుండునో మన సీమవారికి వివరింప నక్కరలేదు. అట్టి చోట అతడు పడకమీద దేవుని ధ్యానించెను. ధ్యానమనగానే నిటారుగా కూర్చుండి కన్నులు మూసికొనుట మనకు తోచును. ఇక్కడి హెబ్రీ మాట “హాగా”. లోగొంతుతో పలుకుట అని దాని భావము. యెషయా 31:4లో సింహము గర్జించుటకును, 38:14లో గువ్వ మూలుగుటకును ఈ మాటయే వాడబడినది. కాబట్టి ఒక వచనమును పెదవులమీద మరల మరల పలుకుకొనుటయే ధ్యానము. దీనికి దీపము వద్దు, పుస్తకము వద్దు, చదువు రాకపోయినను కొదువలేదు.

మన ఆవులను చూడుడి. పగలు బీడులో సరిగా నమలకయే గబగబ మేయును. రాత్రి కొట్టములో పండుకొని ఆ మేతనే నోటికి తెచ్చుకొని నెమరువేయును. నెమరు మానిన పశువును చూచి, దీనికి జబ్బు చేసినదని రైతు గ్రహించును.

మన మనస్సును ఊరకుండదు, ఏదో ఒకటి నెమరువేయుచునే యుండును. పడకమీద కీడు యోచించి తెల్లవారగనే దానిని చేయువారినిగూర్చి మీకా చెప్పుచున్నాడు. పొలము గట్టు జరిపిన అన్నకు రేపు ఏమి చేయుదమా అని ఆలోచించువాడు ఆ జట్టులోనివాడే. బోరు ఎండినది, పట్టు షావుకారు బాకీ నిలిచినది, వడ్డీ పెరుగుచున్నది అని దొర్లువాని సంగతి వేరు. అతనిది కీడు కాదు, భయము. వచనము పలికినంతమాత్రమున అప్పు తీరదు. తీరునని చెప్పు బోధ మాకు సమ్మతము కాదు. ముందు ఆ బాకీని ఉన్నదున్నట్టు ఒక్క మాటలో ప్రభువునకు చెప్పవలెను; లెక్కలు తెల్లవారిన తరువాత ఇంటివారితో కూర్చుండి చూచుకొనవలెను; ఆ తరువాత వచనము పట్టుకొనవలెను. తలక్రింది సెల్‌ఫోను ఆ వేళకు మరియొక గదిలో నుండుట మేలు.

సగములో నిద్రపట్టిన మాట వ్యర్థము కాదు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు ఇద్దరు విద్యార్థులచేత అర్థములేని అక్షరములు వల్లెవేయించి చూచిరి. నేర్చుకొని నిద్రించినప్పుడు, అంతేకాలము మేలుకొని యున్నప్పటికంటె ఎక్కువ జ్ఞాపకముండెను. అర్థములేనివే అట్లు నిలిచెను.

నిద్రయే రాని రాత్రులును కలవు. 77వ కీర్తనలో ఆసాపు నోట మాటయే రాకపోయెను. అట్టి రాత్రి లేచి కూర్చుండి, ఇంటిలో ఒకరిని లేపి, వారిచేత వచనము చెప్పించుకొని వినుడి. అది వారముల తరబడి సాగినయెడల వైద్యునికి చూపించుకొనుట అవిశ్వాసము కాదు.

ఈ నెల కంఠతకు: కీర్తన 31:5, మొదటి సగము. పడుకొనుటకు ముందు ఇట్టి వచన మొకటి పలుకవలెనని యూదుల తల్మూదులో ఒక రబ్బీ బోధించెను. లూకా 23:46 చూడుడి. మన ప్రభువు సిలువమీద పలికినది ఈ మాటయే. చిన్నపిల్లలకు సాయంకాలము అన్నమునకు ముందే నేర్పవలెను. అన్నము తిన్న తరువాత వారు ఆగరు.