నెలకు ఎంత చదవాలి? తరువాత ఏది చదవాలి?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు ప్రతి రాత్రీ ఖుర్ఆన్ మొత్తం పారాయణం చేసేవారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఆయన్ని నెలకొకసారి పూర్తి చేయమన్నారు. అంతకంటే ఎక్కువ చదవగలనని ఆయన పదే పదే విన్నవించుకోగా గడువు తగ్గుతూ వచ్చి ఏడు రోజుల దగ్గర ఆగింది. వృద్ధాప్యంలో బలం తగ్గాక, ఆనాడు ప్రవక్త (స) ఇచ్చిన సడలింపును స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయన అనుకునేవారు. అయినా మొదలుపెట్టినదాన్ని విడిచిపెట్టలేదు. రాత్రి చదవవలసిన భాగాన్ని పగలే ఇంట్లోవారికి వినిపించి భారం తేలిక చేసుకునేవారు. ఇది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం.

దైవప్రవక్త (స) మొదట చెప్పిన గడువు నెల అన్న విషయం గమనించండి. మన పద్ధతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇజ్తిమాకు వెళ్ళినప్పుడు నాలుగైదు పుస్తకాలు ఒకేసారి కొంటాం. ప్రతిదీ ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోతుంది.

రోజుకొక పారా చొప్పున చదివితే నెలలో పారాయణం పూర్తవుతుంది. కాని అర్థంతో, వ్యాఖ్యానంతో చదవడానికి పారా చాలా పెద్ద కొలత. దానికి రుకూ సరిపోతుంది. మన దేశంలో అచ్చయ్యే ప్రతుల్లో 558 రుకూలు గుర్తించి ఉంటాయి. రోజుకొకటి చదివితే ఏడాదిన్నర దాటుతుంది. ఇది ఆలస్యమేమీ కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక్క బఖరా సూరా నేర్చుకోవడానికే ఎనిమిదేళ్ళు వెచ్చించారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో పేర్కొన్నారు. మరో మాట. ఇస్లామీ మాసానికి 29 రోజులే రావచ్చు, ఇంట్లో జబ్బులు, పెళ్ళిళ్ళు ఉండనే ఉంటాయి. కనుక 25 రోజులకు సరిపడా మాత్రమే పెట్టుకోండి.

నెలవంక కనిపించిన సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క చూసుకోవాలి. ఎన్ని పేజీలయ్యాయని అడిగితే పిల్లలు పేజీలు తిప్పేయడం నేర్చుకుంటారు. ఏం అర్థమైంది, దేన్ని ఆచరణలో పెట్టాం, ఏ ప్రశ్న మిగిలింది అని అడగండి. తరువాతి పుస్తకాన్ని మిగిలిన ప్రశ్నే ఎంపిక చేస్తుంది. అన్ఫాల్ సూరాలో ఉన్నవి పది రుకూలు. అది పూర్తయ్యేసరికి బద్ర్ యుద్ధం గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అప్పుడు సీరత్ గ్రంథం తీయాలి. బఖరాలోని 282వ ఆయత్ దగ్గర అప్పు రాసుకునే ఆదేశం వస్తుంది. అరువు బేరాలు నడిపే ఇంటికి ఆ తరువాత కావలసింది లావాదేవీల ఫిఖ్ హ్.

మన ఇళ్ళలో ఇంకొక ఇబ్బంది ఉంది. తాతగారు కొన్న ఉర్దూ పుస్తకాలు బీరువాలో ఉంటాయి, తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదివే మనవలకు ఆ లిపి రాదు. చదవగలిగిన పెద్దలు పోతే ఆ పుస్తకాలు మూగబోతాయి. అందుకే నెలకొక ఉర్దూ పుస్తకంలోంచి ఒక అధ్యాయమైనా నాన్నమ్మో, తాతయ్యో బిగ్గరగా చదవాలి. పిల్లలు దాని సారాంశాన్ని తెలుగులో నోటు పుస్తకంలో రాసుకోవాలి. చదవడానికి మగ్రిబ్, ఇషాల మధ్య సమయం అనుకూలం. ఆ వేళ వంటింట్లో ఉండే గృహిణి వినేలా అక్కడికి దగ్గరలోనే కూర్చోండి, లేదా పనే ముందుకు జరపండి. ఆమె లేకుండా సాగే చదువు ఇంటి చదువు కాదు.

కొన్ని పుస్తకాలకు కాలమూ చూసుకోవాలి. హజ్ గురించిన పుస్తకం జిల్ హజ్ వచ్చాక తెరిస్తే ప్రయాణమయ్యేవారికి ఉపయోగం తక్కువ, షవ్వాల్‌లోనే మొదలుపెట్టాలి. రమజాన్‌లో కొత్త పుస్తకమేదీ వద్దు, ఆ నెల ఖుర్ఆన్‌కే. రమజాన్‌లో జకాత్ తీసే ఇళ్ళవారు జకాత్ అధ్యాయాన్ని రజబ్‌లోనే చదివి ముగించాలి. అప్పుడు బంగారం తూకం వేయించడానికి, రావలసిన అప్పులు రాసుకోవడానికి షాబాన్ నెల మొత్తం చేతిలో ఉంటుంది.