మొదటి రోజు పడవలోనే

ప్రశ్న: ఐంధోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏప్రిల్‌లో అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రోజులుంటాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కాలువల్లో పడవ షికారు మొదట పెట్టుకోవాలా, చివర్లోనా?

జవాబు: మొదటే పెట్టుకోండమ్మా. సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదుటే పడవలు ఎక్కవచ్చు. మామూలు షికారు సుమారు గంట. కాళ్లకు శ్రమ లేకుండా ఊరి అమరిక నాన్నగారికి కళ్లముందు పరుచుకుంటుంది. పాత ఊరిని అర్ధచంద్రాకారంలో చుట్టిన ఈ కాలువలను 1613 నుంచి తవ్వారు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

పడవలోంచి ఇళ్ల పైభాగాలు చూడమనండి. కప్పు కింద ఒక దూలం, దానికి కొక్కెం కనిపిస్తాయి. లోపల మెట్లు మరీ ఇరుకు, అందుకే సామాను తాడుతో కిటికీలోకి లాగుతారు. గోడకు తగలకూడదనే చాలా ఇళ్లను కాస్త ముందుకు వంచి కట్టారు. ఈ ఊరి పాత ఇళ్లన్నీ బురదనేలలో దిగ్గొట్టిన కొయ్య గుంజల మీద నిలబడినవే. డామ్ కూడలిలోని రాజభవనం ఒక్కదాని కిందే 13,659 ఉన్నాయి! కృష్ణ కాలువల పక్కన పెరిగినవాళ్లకు ఇది చూడముచ్చటగా ఉంటుంది.

ఏప్రిల్‌లోనూ చలిగాలి ఉంటుంది. అద్దాల కప్పున్న పడవే తీసుకోండి, అమ్మగారికి శాలువా మరవకండి. ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండుగ. ఆ రోజు కాలువలు కిక్కిరిసిపోతాయి, పెద్దవాళ్లతో వద్దు. ట్యూలిప్ తోట క్యూకెన్‌హాఫ్ రెండో రోజుకు ఉంచండి, టికెట్లు ముందే కొనండి. పడవ ఎక్కేచోట మెట్లు ఎన్నున్నాయో మాత్రం టికెట్ కొనేముందే అడగండి.